ఆసుపత్రి చిట్టాలో మన ఆడవారు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పొద్దున పంచాంగ శ్రవణము విన్నాము. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని వేళ్ళు మడిచి లెక్క చూసుకొన్నాము. అటువంటి సభలో నిలబడి రాచపుండును గురించి మాట్లాడడము మర్యాద కాదని మాకు తెలియకపోలేదు. మన కార్యదర్శిగారు కూడ, "డాక్టరమ్మా, పండుగపూట కాస్త మంగళకరమైన విషయమేదైనా..." అని రెండుమార్లు నసిగినారు. ఏమి చేయగలము? కోయంబత్తూరునుంచి, మధురైనుంచి, నడుమనున్న పల్లెలనుంచి మన ఆడవారు, వారి మగవారు, అత్తలు, కోడళ్ళు అందరు ఒక్క పందిరి కింద చేరేది ఏడాదికి ఈ ఒక్కరోజే. తక్కిన రోజులలో వీరిని మేము చూసినది ఆసుపత్రిలోనే. అక్కడికి వచ్చేసరికి చాలమందికి ప్రసంగముతో పని ఉండదు.

ఆసుపత్రికి కూడ ఒక పంచాంగమున్నది. దానిని చిట్టా అంటాము. పేరు, వయసు, ఊరు, పెండ్లినాటి వయసు, ఎంతమంది బిడ్డలు, ముట్లు ఎప్పుడు ఉడిగినవి, బాధ ఏమి, ఎన్నాళ్ళనుంచి, వ్యాధి ఏ దశలో ఉన్నది అని వరుసగా గడులు. ఉద్యోగములో ఉన్నన్నాళ్ళు ఈ గడులు నింపినాము. విశ్రాంతి పుచ్చుకొన్న తరువాత తీరికగా వాటిని తలపోసుకొన్నాము. మాకు తోచినది ఇంతే. ఆ చిట్టాలో జబ్బుల వరుస మారినది, అది మారడానికి మన ఇండ్లు మారడమే కారణము. మారనిది "ఎన్నాళ్ళనుంచి" అన్న గడి ఒక్కటే.

ముందు పేరు సంగతి చెప్పి ముందుకు పోతాము. కాన్సరు అన్న మాటను మన ఇండ్లలో ఎవరు నోట పలకరు. పాత తెలుగులో దీనికి రాచపుండు అని, పుట్టకురుపు అని పేర్లు. మన చుట్టునున్న తమిళులు పుట్రునోయి అంటారు. రెండు భాషలలోను చెదపుట్టే ఉన్నది చూడండి. బయటికి కనబడేది కొంచెము, లోపల తవ్వుకొనిపోయేది ఎంతో. పేరు పెట్టినవారు బాగా చూసే పెట్టినారు. మన ఊళ్ళలో ఇప్పుడు ఆ పేర్లు కూడ పోయి "ఆ జబ్బు" అనడము మిగిలినది. ఆమెకు ఆ జబ్బట అంటే ఇక ఏ జబ్బని ఎవరు అడగరు.

మధురైకి దక్షిణముగా ఉన్న నల్లరేగడి పల్లె ఒకదానినుంచి ఒక అవ్వ వచ్చినది. అరవై దాటినవి. ఎడమ రొమ్ములో గడ్డ, చర్మము పగిలి పుండైనది. వెంట వచ్చిన మనుమడు చీటీ నింపించినాడు. మాతృభాష తమిళము. ఎన్నాళ్ళనుంచి అన్నచోట రెండు వారములు. (జాతీయ కాన్సరు నమోదు పత్రములో మాతృభాషకు ఒక గడి ఉన్న సంగతి చాలమందికి తెలియదు. మనవారు ఆ గడిలో తరచు తమిళులై పోతారు. అడిగేది తమిళములో, జవాబు తమిళములో, ఇందులో ఎవరి తప్పును లేదు.) నర్సు మరల అడిగితే అవ్వ కూడ రెండు వారాలే అన్నది. పుండు కడుగుతూ ఉండగా ఆమె నోట "మండతాదమ్మా" అని ఒక్క మాట జారినది. మేము చేయి ఆపి, "ఎన్నాళ్ళనించి అవ్వా? నిజం చెప్పు" అన్నాము. అవ్వ మా ముఖము వైపు కాసేపు చూసినది.

"నువ్వు మనోళ్ళ పిల్లవా?"

"అవునవ్వా."

"పోయిన ఉగాదికి ముందునించే ఉండాది తల్లీ. మనవరాలికి సంబంధం చూస్తా ఉండారు. ఈ మాట బయటికొస్తే దాన్ని ఎవరు చేసుకుంటారు? పెండ్లి కానీలే అనుకొన్నా."

అప్పటికి మరల ఉగాది దగ్గరపడినది. చిట్టాలో రెండు వారములు కొట్టివేసి పదమూడు నెలలు అని వ్రాసినాము. పదమూడు నెలలు ఆ గడ్డను పైట మాటున మోసినది. కూతురికి తెలియదు, కోడలికి తెలియదు. మనవరాలి పెండ్లి జరిగినది. అవ్వ పెండ్లి చూసినది, ఆ ఏటి దసరా చూడలేదు.

ఇది చెప్పినది జాలి పుట్టించడానికి కాదు. ఆసుపత్రి చిట్టాను ఎట్లా చదవవలెనో తెలియడానికి. అందులో వ్రాసినదంతా నిజము కాదు. నిజమైనదంతా అందులో లేదు. ఆసుపత్రి లెక్కను లోకపు లెక్క అనుకొన్నవారు ఇంకొకచోట కూడ పొరబడతారు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కాన్సరు, అంటే గర్భసంచి కింది కొసకు వచ్చేది, ముదిరిన తరువాత ముఖ్యముగా కిరణ చికిత్సతోనే నయము కావలెను. కిరణ యంత్రమున్న ఆసుపత్రికి చుట్టుపట్ల జిల్లాల కేసులన్నీ చేరుతవి. యంత్రము లేని ఆసుపత్రి చిట్టా చూస్తే ఆ జబ్బు దేశములోనే తక్కువని అనిపిస్తుంది. అట్లాగే పల్లెటూళ్ళ బీద ఆడవారు వచ్చే సర్కారు ఆసుపత్రిలో ముఖద్వారపు కాన్సరు ఎక్కువగా కనబడుతుంది, పట్టణములో డబ్బు కట్టి వైద్యము చేయించుకొనే చోట రొమ్ము కాన్సరు ఎక్కువ. రెండు చిట్టాలు ఒకే ఊరివి కావచ్చును. అందుకే ఊరు ఊరంతా లెక్క పెట్టే పద్ధతి వచ్చినది. భారత వైద్య పరిశోధన మండలి వారి కార్యక్రమము కింద బొంబాయి, బెంగుళూరు, మద్రాసు నగరములలో 1982నుంచి ఇట్లా లెక్క కట్టుతున్నారు. మద్రాసు లెక్క అడయారు కాన్సరు సంస్థ చూస్తుంది. తమిళనాడు అంతటికి ఈ నమోదును విస్తరించే పని 2012లో మొదలైనది.

ఆ మద్రాసు లెక్కలో 1982లో ఆడవారి కాన్సర్లలో మొదటి పీట ముఖద్వారానిది. రొమ్ముది రెండవ స్థానము. ఏడాదికేడాది మొదటిది దిగుతూ, రెండవది ఎక్కుతూ వచ్చి, శతాబ్దము మారే కాలానికి రెండును తారుమారైనవి. దేశమంతటికి 2022వ సంవత్సరపు అంచనా చూస్తే క్రొత్తగా రొమ్ము కాన్సరు వచ్చినవారు సుమారు 1,92,000 మంది, ముఖద్వారపు కాన్సరు వచ్చినవారు సుమారు 1,27,000 మంది. అండాశయపు కాన్సరు వీటి తరువాత, 47,000 దాకా. ముఖద్వారము తగ్గినదని సంతోషించి ఊరుకోరాదు. ఆ ఒక్క ఏడే దానితో చనిపోయినవారు దాదాపు 80,000 మంది.

ఈ తారుమారుకు కారణము మందులలో లేదు, పెద్ద పరీక్షా శిబిరములలోను లేదు. మద్రాసులో ఆ జబ్బు దిగడము మొదలైననాటికి అటువంటి శిబిరములు అంతగా లేవు. కారణము మన వంటింటిలో, మన పెండ్లి పందిట్లో ఉన్నది. 1842లో ఇటలీదేశపు వెరోనా పట్టణములో రిగోనీ స్టెర్న్ అను వైద్యుడు ఆ ఊరి మరణముల చిట్టా ముందు పెట్టుకొని కూర్చున్నాడు. కన్యాశ్రమములలోని సన్న్యాసినులకు గర్భాశయపు కాన్సరు బహు తక్కువ, రొమ్ము కాన్సరు ఎక్కువ అని కనిపెట్టినాడు. పెండ్లి అయినవారిలో అందుకు విరుద్ధము. 1926లో జానెట్ లేన్ క్లేపాన్ అను ఆంగ్ల వైద్యురాలు, రొమ్ము కాన్సరు ఉన్న 500 మందిని, లేని 500 మందిని పక్కపక్కన పెట్టి అడిగి, ఆలస్యముగా పెండ్లి అయినవారికి, తక్కువ బిడ్డలను కన్నవారికి, తక్కువ కాలము పాలిచ్చినవారికి ఈ జబ్బు ఎక్కువని తేల్చినది.

ఇక మన ఇండ్లు చూడండి. మా అవ్వకు పదమూడవ ఏట పెండ్లి, తొమ్మిది కాన్పులు, ఒక్కొక్క బిడ్డకు రెండేళ్ళు పాలు. మా అమ్మకు పదిహేడు, అయిదు కాన్పులు. మా చెల్లెలి కూతురు కోయంబత్తూరులో ఇంజనీరు. ఇరవై తొమ్మిదవ ఏట పెండ్లి, ఒక్క బిడ్డ, ఆరు నెలలకు మరల ఆఫీసు. పీళమేడులో ఏ ఇంటి గడప తొక్కినా ఇదే వరుస. మా అవ్వ చూసిన జబ్బు వేరు, ఆ పిల్ల జాగ్రత్తపడవలసిన జబ్బు వేరు. పిల్లను చదివించడము తప్పని మేమనడము లేదు. ఎవరైనా ఈ ప్రసంగము విని ఇంటికి పోయి ఆ మాట అంటే వారితో మాకు జగడమే. పెండ్లి వయసు పెరగడము ఎందరు ఆడవారిని ముఖద్వారపు కాన్సరునుంచి కాపాడినదో లెక్క కట్టగలమా? 1929నాటి శారదా చట్టము ఆడపిల్లకు 14 ఏండ్లన్నది, 1978లో 18 అయినది. ఆ రోజులలో మద్రాసు శాసనమండలిలో బాల్యవివాహములకు వ్యతిరేకముగా గొంతెత్తిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారే, తమ చెల్లెలిని కాన్సరు పొట్టనపెట్టుకొన్న దుఃఖము మరవక 1954లో అడయారు సంస్థను పన్నెండు పడకలతో తెరచినారు. పెండ్లి వయసు పెంచడము కూడ ఈ జబ్బుకు ఒక మందని ఆనాడు ఎవరు చెప్పలేదు.

ముఖద్వారపు కాన్సరుకు కారణము హెచ్.పి.వి. అను వైరసు. ఈ సంగతి కనిపెట్టిన జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెలు బహుమానము వచ్చినది. దాంపత్యమువలన అంటుకొనే వైరసు ఇది. ఇక్కడ కొందరు తలలు వంచుకొన్నారు, అక్కరలేదు. సంసారము చేసినవారిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలి, రెండేండ్లలో దానంతటది పోతుంది. పోకుండా నిలిచిన కొద్దిమందిలో పది పదిహేనేండ్లకు, ఇంకా ఆలస్యముగా, పుండు పుడుతుంది. అన్నేండ్లు మనకు వ్యవధి ఇచ్చే జబ్బు ఇంకొకటి చూపండి. ఆ వ్యవధి అంతా మనము ఏమి చేస్తున్నాము? తెల్లబట్ట అయితే "ఒంట్లో వేడి" అని మజ్జిగ తాగుతున్నాము. ముట్లుడిగిన అయిదేండ్లకు మరల నెత్తురు కనబడితే "వయసు తిరిగినది" అని నవ్వుకొంటున్నాము. మజ్జిగ మంచిదే, తాగండి. నెత్తురు కనబడితే మాత్రము మజ్జిగకు ముందు ఆసుపత్రి.

పరీక్ష ఎంత సులువో మన పొరుగు జిల్లాలోనే చూపినారు. 1985 దాకా మధురై జిల్లాలో భాగమైన దిండిగల్లులో, ఒట్టన్‌చత్రము పక్కనున్న అంబిళిక్కై కేంద్రము వారు, అడయారు సంస్థ వారు, ఫ్రాన్సులోని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ వారు కలిసి 2000నుంచి 2003 దాకా ఒక పని చేసినారు. శిక్షణ పొందిన నర్సులు ముఖద్వారానికి పలుచని వినిగరు ద్రావకము, ఊరగాయలో పోసే పులుపువంటిదే, అద్ది ఒక్క నిమిషము చూస్తారు. చెడిన చోటు తెల్లబడుతుంది. తెల్లబడిన చోటును అవసరమైతే అక్కడికక్కడే చల్లబరచి మాడ్చివేస్తారు. కోత లేదు, పడక లేదు. 30నుంచి 59 ఏండ్ల వయసువారిని పిలిచినారు. ఫలితము 2007లో లాన్సెటు పత్రికలో వచ్చినది. ఆ పల్లెలలో జబ్బు రావడము నాలుగవ వంతు తగ్గినది, చావులు నూటికి 35 తగ్గినవి. జీవితములో ఒక్కమారు చేసిన పరీక్షకు ఈ ఫలము.

అయితే ఆ లెక్కలోనే మమ్మల్ని పట్టి ఉంచిన అంకె ఇంకొకటి ఉన్నది. పిలిచినది 49,311 మందిని; వచ్చినది 31,343 మంది. గుమ్మము ముందరికి నర్సు వచ్చి పిలిచినా 17,968 మంది రాలేదు. దిండిగల్లు సీమలో మన తెలుగు పల్లెలు ఎన్ని ఉన్నవో మీకు తెలియనిది కాదు. ఆ రానివారిలో మనవారు ఎందరో ఏ పత్రికా వ్రాయలేదు. ఎందుకు రాలేదో మాత్రము మనకు పత్రిక చదవనక్కరలేదు. మగడు ఊళ్ళో లేడు, అత్త ఒప్పలేదు, కూలి పోతుంది, బట్ట తీయమంటారు, ఏమి లేని ఒంటికి ఏదో ఉన్నదంటారు.

మనవారికి ఆసుపత్రులంటే గిట్టదని కాదు. 1952లో కోయంబత్తూరులో జి. కుప్పుస్వామి నాయుడు గారి పేర ఆసుపత్రి పెట్టినది మన మిల్లుల కుటుంబమే. అది మొదలైనదే తల్లుల కొరకు, బిడ్డల కొరకు. మధురైలో 1976లో పదకొండు పడకలతో అరవింద కంటి ఆసుపత్రి పెట్టిన గోవిందప్ప వెంకటస్వామి గారు మొదట కాన్పుల వైద్యమే నేర్చినారు. కీళ్ళవాతము వేళ్ళను వంకర చేయగా కంటి వైద్యానికి మరలినారు. ఆయన పల్లెపల్లెకు శిబిరము తీసుకొనిపోతే ఊరు ఊరంతా వచ్చినది. కన్ను చూపించడానికి సిగ్గులేదు కదా. మన ఆడవారు కాన్పుకు ఆసుపత్రికి పోతారు, మనవడి జ్వరానికి పోతారు. కడపటి కాన్పు అయిన తరువాత తమ ఒంటికోసము ఆ మెట్లు ఎక్కినవారిని చేతి వేళ్ళతో లెక్కపెట్టవచ్చును.

ఆడపిల్లలకు ఇప్పుడు టీకా ఉన్నది, తొమ్మిదినుంచి పదునాలుగేండ్ల లోపున వేయించడము మేలు. దీని మీద మన తెలుగునాట ఒక చేదు కథ జరిగినది, దాచము. 2009లో ఖమ్మం జిల్లాలోను, గుజరాతులోని వడోదరలోను బాలికలకు ఈ టీకా వేసే కార్యక్రమము పెట్టినారు. కొందరు పిల్లలు చనిపోగా 2010 ఏప్రిలులో ఆపివేసినారు. ఆ చావులకు టీకా కారణము కాదని విచారణలో తేలినది. అయితే ఎందరో పిల్లల విషయములో తల్లిదండ్రులను అడగక హాస్టలు వార్డెన్లే సంతకములు పెట్టినారని కూడ తేలినది. 2013లో పార్లమెంటు సంఘము గట్టిగా తప్పుపట్టినది. తప్పు పట్టవలసినదే. టీకా మంచిదైనంత మాత్రాన కన్నవారిని అడగనక్కరలేదా? ఆ గొడవలో మన దేశములోనే జరుగుతున్న వేరొక పరిశోధన కూడ ఆగి, అనేకమంది బాలికలకు ఒక్క మోతాదే పడినది. ఏండ్లు గడచి చూస్తే ఆ ఒక్క మోతాదే వారిని కాపాడుతున్నది. అది 2021లో వెల్లడి అయినది, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు చాలునని ఒప్పినది. ఆ సంవత్సరమే పూనాలో తయారైన మన దేశపు టీకాకు అనుమతి వచ్చినది.

రొమ్ము సంగతికి వస్తాము. దీనికి టీకా లేదు, వినిగరు లేదు. పడమటి దేశములలోకంటె మన ఆడవారికి సుమారు పదేండ్లు ముందుగా వస్తున్నది, నలభై అయిదు యాభైలలోనే. వంశములో ఉంటేనే వస్తుందనుకోవడము పొరబాటు. వంశమువలన వచ్చేవి నూటికి అయిదునుంచి పది. మన దేశములో ఆసుపత్రికి వచ్చేవారిలో సగానికి పైగా జబ్బు ముదిరినాకనే వస్తున్నారు. తొలిదశలో వస్తే పదిమందిలో తొమ్మిదిమంది అయిదేండ్లు దాటుతారు. నాలుగవ దశలో వస్తే ఇద్దరు. బొంబాయిలో టాటా ఆసుపత్రి వారు ఒకటిన్నర లక్ష ఆడవారిని ఇరవై ఏండ్లు గమనించి 2021లో వ్రాసినారు. రెండేండ్లకొకమారు శిక్షణ గల ఆడమనిషి చేతితో తడిమి చూస్తే చాలును, యాభై దాటినవారిలో ఈ జబ్బు చావులు దాదాపు నూటికి ముప్పై తగ్గినవి. యంత్రము కూడ కాదు, చేయి!

నొప్పి లేని గడ్డకు భయపడవలెను. మనవారు నొప్పి లేదు కనుక ఏమి కాదంటారు, అది తలకిందులు. చనుమొన లోపలికి పోవడము, నెత్తురు కారడము, చర్మము నారింజ తొక్కవలె కావడము, చంకలో గడ్డ, వీటిలో ఏది కనబడినా ఆ వారమే చూపించండి. అండాశయపుది ఇంకా మొండి. కడుపు ఉబ్బరము, నాలుగు ముద్దలకే నిండినట్టు ఉండడము, దానిని గ్యాసు అని ఆరు నెలలు మందు మింగుతారు. నెల దాటిన ఉబ్బరమునకు ఒకమారు కడుపు స్కానింగు చేయించండి. దీనికి ముందస్తు పరీక్ష లేదు.

మేము చెప్పేవారమే కాని మా ఇంట్లో దీపము ఎట్లా ఉన్నదో అడగరా? మా అత్తగారికి ముట్లుడిగి పన్నెండేండ్లయిన తరువాత నెత్తురు కనబడినది. చక్కెర జబ్బు, లావు మనిషి. గర్భసంచి లోపలి పొరకు కాన్సరు వచ్చేది ముఖ్యముగా ఇటువంటివారికే. కోడలు అదే వైద్యము చేసే డాక్టరు, ఒకే ఇల్లు, ఒకే వంట. ఆమె మాకు చెప్పలేదు. ఎదురింటి పాలమనిషితో చెప్పినది. నాలుగు నెలలకు ఆ పాలమనిషి మాతో అన్నది. "కోడలితో ఎట్లా చెప్పేది" అని తరువాత అత్తగారు అన్నారు. మేము అత్తగారిని ఎన్నడైనా అడిగినామా? రోజుకు ఎనభైమందిని అడుగుతున్నాము, ఇంటికి వచ్చి కాళ్ళు కడుగుకొని "అత్తా, తిన్నావా" అనడముతో సరి. ఈ రకము తొలిదశలోనే నెత్తురుతో హెచ్చరిస్తుంది కనుక సంచి తీసివేసిన తరువాత ఆమె మరి పదకొండేండ్లు బ్రతికినారు. అదృష్టము పాలమనిషిది.

మగవారితో ఒక్క మాట. ఇంటిలో ఆమెను ఆసుపత్రికి తీసుకొనిపోయే బండి మీ చేతిలో ఉన్నది, రూకలు మీ చేతిలో ఉన్నవి. ఆమె తనంతట చెప్పదు. అడగండి. తెలుగులో అడగండి, వచ్చినంత తెలుగే చాలును.

భోజనాలకు ముందు ఇంకొక సంగతి మనవి చేసి ముగిస్తాము. ఈ మండపము వెనుక, వంటశాలకు ఎడమపక్కన ఉన్న గదికి తెరలు కట్టినాము. సాయంత్రము అయిదు గంటల దాకా ఇద్దరు నర్సమ్మలు అక్కడ ఉంటారు. చేతితో రొమ్ము చూస్తారు, ముఖద్వారపు పరీక్షకు ఏ రోజు ఏ ఆసుపత్రికి రావలెనో చీటీ వ్రాసి ఇస్తారు. ఇద్దరికి తెలుగు వచ్చును, ఒకరు మన తిరుమంగళము పిల్ల. పేరు గట్టిగా పిలవరు. చీటీలో మాతృభాష గడి మీరే చెప్పి వ్రాయించండి. అత్తలు ముందు, కోడళ్ళు వెనుక వస్తే వరుస త్వరగా సాగుతుంది.